మూడో కడుగు

తెల్లవారుజామున మూడింటికి
మా వీధిలో మొదట మేలుకొనేది సోయా గింజ.
రాత్రంతా నాని, ఉబ్బి,
తోలు వదులు చేసుకుని
తొట్టి అడుగున నా చేతికోసం చూస్తుంటుంది.

మా అత్త పాయిజెమ్ ఉన్నన్నాళ్ళూ
కిలో గింజలకి ఎన్ని బిందెలు గుమ్మరించామో
ఎవరూ లెక్కపెట్టలేదు.
జావా కొండల్లో వాన ఎవరి దగ్గరా చేసిన అప్పు కాదుగా.
"డబ్బుని నీళ్ళలా ఖర్చుపెట్టకే" అనేది.
మరి నీళ్ళని దేనిలా ఖర్చుపెట్టాలో
చెప్పకుండానే పోయింది.

తాహు విరిగాక మిగిలే తేట,
పసుప్పచ్చగా, పుల్లగా, పొగలు కక్కుతూ
కాలవలోకి, కాలవలోంచి ఏట్లోకి.
మధ్యాహ్నానికి కుళ్ళిన గుడ్డు వాసన.
పెళ్ళికి కట్టుకెళ్ళిన బాతిక్ మడతల్లోనూ అదే.

దిగువన తుమిజో చేపల గుంట.
ఓ పొద్దున అతను
తెల్లటి పొట్టలు పైకి తేలిన గురామి చేపల్ని
బుట్టతో తెచ్చి మా గుమ్మంలో కుమ్మరించాడు.
ఒక్క మాటా అనలేదు.
నేను నీళ్ళు నమిలాను.
ఆ నీళ్ళూ అతని వాటాలోవే.

మరుసటేడు వాన మొహం చాటేసింది.
బావి తాడుకి రెండుసార్లు ముడేసి పొడుగు చేశాం.
అప్పుడబ్బింది నాకు లెక్క:
ఇవాళ్టి మూడో కడుగు
రేపటి గింజకి మొదటి కడుగు.
రేకు కప్పు కింద ఆవిరి చుక్కలై కారేచోట
ఓ డబ్బా, గుడ్డలు జాడించడానికి.
పిప్పిని సురిపా పట్టుకుపోయి
బూజు పట్టించి, తెంపె చేసి, వేయించి అమ్ముతుంది.
మనకంటే ఆవిడకే లాభమని
మా ఆయన ఇప్పటికీ గొణుగుతాడు.

తేట మాత్రం ఎవరికీ అక్కర్లేదు.
ఏడు కొట్లవాళ్ళం పోట్లాడుకుని, చందాలేసుకుని,
మళ్ళీ పోట్లాడుకుని
భూమిలో ఓ గుమ్మటం కట్టి దాన్ని అందులోకి మళ్ళించాం.
మొదటి నెలంతా అది ఊరికే త్రేన్చింది.
రెండో నెల మూత పగిలింది.
"నేనప్పుడే చెప్పాను" అన్నాడు సర్పిన్,
ఎప్పుడూ ఏమీ చెప్పనివాడు.

గ్యాసు గొట్టం ఆఖరి కొస
తుమిజో వంటింటికే పోవాలని
నేనే మొండికేశాను.

అతను అగ్గిపుల్ల గీశాడు.
మా పాతికేళ్ళ కంపు
అతని గిన్నె కింద
ఏ వాసనా లేకుండా
నీలంగా నిలబడింది.

క్షమించాననలేదు. నవ్వలేదు.
గుంట ఇంకా ఖాళీగానే ఉంది,
గట్టుమీద వల ఎండిపోయి, చిరుగులు పడి.
అన్నం ఉడికేదాకా
ఇద్దరం మంటనే చూస్తూ కూర్చున్నాం.

వార్చిన గంజిని
ఓ చిప్పలో పోసి నా ముందుకి తోశాడు.

"పారబోయకు" అన్నాడు.