మూడో జెట్టీ కింద

ఫిషింగ్ హార్బర్ మూడో జెట్టీ కింద
సీసా ముంచాను.
నీటి మీద డీజిల్ తెట్టు
నెమలికంఠం రంగులో, ముట్టుకుంటే జిడ్డు.

"ఏటమ్మా, ఈ మురికినీల్లు పట్టుకెల్తన్నావు?"
వల చిక్కు తీస్తూ ఎల్లాజీ మావ.
"ఇందులో బతికేవాళ్లున్నారు మావా."
నవ్వాడు. "మేం బతకట్లేదేటి?"

రాత్రి పదకొండింటికి ల్యాబ్‌లో
మెషిన్ గీసిన గీతలు చూశాను.
చమురు తగిలిన అరగంటకే
ఆ కంటికానని ప్రాణి
కొత్త పొర అల్లుకునే తీరిక లేక
ఉన్న పొరలోనే
వంకర తిరిగిన కొవ్వు తోకల్ని
ఒక్కొక్కటే నిటారుగా నిలబెట్టుకుంది,
సందుల్లో నూనె దూరకుండా
వరుసలు బిగించుకుంది.

మరీ బిగిస్తే తిండీ లోపలికి రాదు.
ఎక్కడ ఆగాలో దానికెవరు చెప్పారో.

పేపరు రాయడానికి
ఇది చాలదంటారు మా సారు.

తెల్లారి వెళితే
మావ పడవ పలకల మధ్య
దూది కుక్కుతున్నాడు, ఉలితో, మెల్లగా,
సుత్తి దెబ్బ దెబ్బకీ చెవి ఆనించి.
"ఎక్కువ కుక్కితే
పలకే పగిలిపోద్దమ్మా."

కొత్త నీళ్లు పట్టాను.
లోపలివాళ్లకి ఊపిరాడాలి గదా,
సీసా మూత
ఒక చుట్టు వదులుగా ఉంచాను.
బస్సులో దారంతా
చున్నీకి డీజిల్ వాసన.