కాఫీ పొంగేలోపు

కాఫీ పొంగేలోపు అయిపోవాలి.
నాకూ బాచుకికీ కుదిరిన ఒప్పందం అది.
బాచుకి ఆసుపత్రి కుర్రాడు,
నా తుంటిలో దిగేసిన ఇనపమేకుకి కాపలాదారు.
"గంటసేపు చెయ్యమంటే నువ్వెలాగూ చెయ్యవు బెబో,
అయిదు నిమిషాలు చాలు.
ఆదివారం సెలవు మాత్రం లేదు" అన్నాడు.

గోడకి ఆనించిన చెక్క కుర్చీ.
చేతులు గుండెల మీద కట్టుకుని
లేవాలి. కూర్చోవాలి. మళ్ళీ లేవాలి.
గుంజీళ్ళే, ఇంకేం కాదు!
డెబ్బయ్యెనిమిదేళ్ళ వయసులో
ఏ పంతులు సొమ్ము తిన్నానో.

మొదటివారం మూడు.
మూడోదానికి పిల్లి నన్ను చూసి
మొహం పక్కకి తిప్పుకుంది.

ఇరవయ్యారేళ్ళు త్బిలిసీ వీధుల్లో ట్రాలీబస్సు నడిపాను.
ఒక కాలు తొక్కుతూనే ఉండేది,
రెండోది అప్పట్నించే పెన్షన్ తీసుకుంటోంది.
పైనున్న కడ్డీ తీగనుంచి జారిందా,
బస్సు నడిరోడ్డు మీద చచ్చినట్టు నిలబడేది.
జనం తిట్టేవాళ్ళు.
నేను దిగి, వెనక్కి నడిచి, తాడు లాగి
కడ్డీని మళ్ళీ తీగకి తగిలించేదాన్ని.
వానలో, మంచులో, ఒకసారి నిండుచూలాలిగా.
ఇప్పుడూ అదే పని.
తీగ ఎక్కడుందో కనబడదు, అంతే తేడా.

తర్వాత సింకు అంచు పట్టుకుని
మడమలెత్తి నిలబడాలి.
ఎత్తితేనే కిటికీలోంచి ఆ కాస్తా కనబడుతుంది:
కింద ద్రాక్షపందిరి పక్కన
నార్డీ ఆడే ముసలాళ్ళ టోపీలు.
దించితే ఉత్త ఆకాశం.
పదిసార్లు చెయ్యమన్నాడు. ఆట ఎవరు గెలుస్తున్నారో తెలీక
ఒక్కోరోజు పధ్నాలుగు చేస్తాను.

అసలు సంగతి ఇది కాదు.

జూజూనా పోయిన నలభయ్యోరోజు
పొడవాటి బల్ల చుట్టూ అందరం.
పోయినవాళ్ళ పేరు చెప్పి గ్లాసెత్తినప్పుడు
లేచి నిలబడటం మా ఆనవాయితీ.
కుర్చీలు ఒక్కసారిగా వెనక్కి జరిగాయి.
నేను రెండరచేతులూ బల్లకి నొక్కి
సగం లేచాను.
నా గ్లాసు ఒరిగి తెల్లగుడ్డ నిండా ఎర్రగా పాకింది.
"కూర్చో త్సియాలా, కూర్చో. నీకు పర్వాలేదు."
ఆ పర్వాలేదు
మేకు కంటే లోతుగా దిగింది.

మా లిఫ్టుకి చిల్లర వెయ్యాలి.
వేసినా రెండో అంతస్తు దాటాక ఆలోచనలో పడుతుంది.
ముప్పయ్యేళ్ళు జూజూనా
తన బంగాళాదుంపలతో పాటు నావీ
అయిదంతస్తులూ మోసింది.
ఆవిడ పేరుకి నేను లేవలేకపోయాను.

కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే పోవాలని
అందరూ అంటారు, నేనూ అనేదాన్ని.
ఆడాలంటే ఆడించాలని
ఒక్కరూ చెప్పరు.

చలికాలంలో ఏడు.
ఈస్టర్ నాటికి పది, చివరిది బూతుమాటతో.
జ్వరం తగిలి మళ్ళీ నాలుగుకి పడ్డాను.
మోకాళ్ళు తలుపు కీలుల్లా కిర్రుమంటాయి.
మనవరాలు ఫోనులో ఆ చప్పుడు విని
"ఎవరొచ్చారు?" అంది.
"నేనే" అన్నాను.

నిన్న జూజూనా సంవత్సరీకం.
అదే బల్ల. అదే గుడ్డ, మరక పూర్తిగా పోలేదు.
పేరు చెప్పారు. కుర్చీలు జరిగాయి.
చేతిలో గ్లాసు పట్టుకుని, ఇంకేదీ పట్టుకోకుండా
లేచాను.
కాళ్ళు కొంచెం వణికాయి, వైనూ వణికింది.
ఒలకలేదు.

తాగి అందరూ కూర్చున్నారు.
నేనింకా నిలబడే ఉన్నాను,
ఆవిడకి చెప్పాల్సింది ఒకటి మిగిలి:
జూజూనా, మొన్న బంగాళాదుంపలు
నేనే పైకి తెచ్చుకున్నాను.
మూడు కిలోలు.
మూడో అంతస్తులో, మీ గుమ్మం దగ్గర
కాసేపు ఆగిన మాట నిజమే.
అలుపొచ్చి కాదు.