మళ్ళీ తూయండి

వచ్చిన రోజే కంచం విసిరేసింది మౌక్తిక.
పెరుగు పులిసిందట.
వాకిట్లో చెదిరిన అన్నం మా కుక్క తింది.
నేనేం అనలేదు,
రెండో కంచం మాత్రం పెట్టలేదు.

బావగారి చెరువులు
వరసగా రెండు పంటలు తెల్లమచ్చకి పోయాయి.
కారు పోయింది, భీమవరంలో మేడ పోయింది.
రొయ్యలో నల్లనరం కనబడిందని
కూరంతా పారబోయించిన పిల్ల
రెండు సంచులతో మొగల్తూరు బస్సు దిగింది.

వేసవి సెలవుల్లో నా వెనకే షెడ్డుకొచ్చింది.
ఐసునీళ్ళలో వేళ్ళు తెల్లగా నానిపోయి
మొదటిరోజు కిలో తలలు తీయలేక ఏడ్చింది.
నాలుగోరోజు ఏడుస్తూనే తీసింది.
నీచువాసన పోవాలని
రాత్రిళ్ళు చేతులకి నిమ్మచెక్క రుద్దుకునేది.
ఎప్పుడు మానేసిందో నేను చూసుకోలేదు.

మొండితనం పోయిందనుకునేరు.
ఎక్కడికి పోతుంది?
మొన్న కాటా దగ్గర గుమస్తా
నీళ్ళ బరువంటూ
నా బేసిన్లో అరకిలో కొట్టేశాడు.
పాతికమంది ఆడవాళ్ళం,
ఒక్కరం నోరెత్తలేదు.
వెనకనుంచి ఆ గొంతు,
ఐస్‌క్రీం కోసం మేడంతా దద్దరిల్లించిన గొంతు:
"మళ్ళీ తూయండి."
తడినేల మీద కాలు టపటపా కొట్టింది.
అప్పటి కాలే.
వాడు తూచాడు.

రాత్రి కరెంటు లేదు.
పులిసిన పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటూ
"మీ కుక్కకేం మిగల్లేదు పిన్నీ" అంది.
నవ్విందో, దెప్పిందో
చీకట్లో తెలియలేదు.