పచ్చివాటి లెక్క

సంగడిగుంట అంగన్‌వాడీకి తూర్పు గోడ.
ఇదివరకు దాని మీద బనియన్ల కంపెనీకి రాశాను,
ఒక పార్టీకి రాశాను,
మరుసటేడు సున్నం కొట్టి ఇంకో పార్టీకి రాశాను.
ఈసారి రాగులూ తోటకూరా.

ఎస్తేరు టీచరు కాగితం చేతికిచ్చింది.
ఎడమ గడిలో గింజ, కుడి గడిలో ఆకు,
నెత్తి మీద పెద్దక్షరాల్లో: వంద గ్రాములకి.
"అంకె తప్పితే సూపర్‌వైజరు నన్ను తింటుంది."
తప్పదు టీచరూ,
ట్యూషన్ సెంటర్ల ఫోను నంబర్లు రాసి రాసి
అరిగిన చెయ్యి ఇది.

శక్తి. రాగులు మూడొందల ఇరవై ఎనిమిది.
తోటకూర నలభై ఐదు.
రాస్తూనే జాలేసింది, మొదటి దెబ్బకే పడిపోయిందని.
మాంసకృత్తులు ఏడుమ్ముప్పావు లేదు, ఏడూ పాయింటు మూడు.
అటువైపు నాలుగు.
కాల్షియం దగ్గర కుంచె ఆగింది.
మూడొందల నలభై నాలుగు,
మూడొందల తొంభై ఏడు.
గడులు తారుమారయ్యాయేమోనని
కాగితం వెలుతురుకి పట్టి చూశాను.

అప్పుడే గంప దించింది సైదమ్మ,
చుట్టకుదురు విప్పి మెడ తుడుచుకుంటూ.
"ఏం రాస్తన్నావబ్బాయ్?"
నీ సరుకు గురించే.
"దాని గురించి రాసేదేముంది? పదికి రెండు కట్టలు."

చదివి వినిపించాను. ఎముకల సంగతి వచ్చినప్పుడు
తన మోకాలొకసారి చూసుకుంది.
"వంద గ్రాములంటే ఎంత?"
నాకేం తెలుసు. నాకు గోడలు అడుగుల్లో తెలుసు,
రంగు లీటర్లలో తెలుసు.
ఆవిడే ఒక కట్ట తీసి
వేర్లు తుంచింది, ముదురు కాడ విరిచింది,
పండాకు ఏరి పారేసింది.
"ఇదీ నీ వంద." దోసిలి నిండుగా ఉంది.
"పొయ్యెక్కిందా, ఇంతే."
పిడికిలి మూసింది.

మరి రాగులో?
వినుకొండలో మా అమ్మ ఎసట్లో పిండి పోసి
తెడ్డుతో గెలికిన సంకటి గుర్తొచ్చింది.
గుప్పెడు పిండి గిన్నె అంచు వెతుక్కునేది.
ఒకటి ఉబ్బుతుంది, ఒకటి అణుగుతుంది.
"వండినాక లెక్కేది నీ గోడ మీద?"
కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది:
పచ్చివాటికి మాత్రమే.
అది రాయడానికి నేను చోటు ఉంచుకోలేదు.

చివరి గడి విటమిన్ సి.
రాగులకి సున్నా. గుండ్రంగా, తీరిగ్గా చుట్టాను.
తోటకూరకి తొంభై తొమ్మిది.
"వందకి ఒకటి తక్కువా?
ఆ ఒక్కటి ఎవడు మింగాడు?"
టీచరు కూడా నవ్వింది.
నవ్వుల్లో ఎవరి పిల్లాడో వచ్చి
ఆరని సున్నాలో వేలు పెట్టాడు.

నువ్వేం తింటావు సైదమ్మా?
"అమ్ముడుపోనిది.
బాగా అమ్మిన రోజు ఒంట్లో బలం తక్కువ."
ఆ మాటకి కాగితంలో గడి లేదు.

బొమ్మ చూసి పెదవి విరిచింది.
నేను గీసింది పూలగుత్తిలా ఉందట.
"కాడకి ఆ ఎరుపేది? వేర్లేవి?
వేర్లు లేని కూర పొద్దున్నే వాడిపోద్ది."
గీత దాటి కిందికి, గోడ మొదలుదాకా
వేర్లు దించాను, మట్టితో సహా.
పచ్చిదని ఇంక విడిగా చెప్పక్కర్లేదనుకున్నాను.
సూపర్‌వైజరు ఏమంటుందో.

బిల్లు ఇంకా రాలేదు.
ఆ రోజు మాత్రం రెండు కట్టలు కొనుక్కుని
మూడు వంతెనల కింద సైకిలు నడిపించుకుంటూ ఇంటికెళ్ళాను.
రాత్రి గిన్నె మూత తీసి మా ఆవిడ అడిగింది,
"రెండు కట్టలన్నావు, ఏదీ రెండోది?"
పిడికిలి మూసి చూపించాను.
గోళ్ళలో ఇంకా ఆకుపచ్చ రంగు.