తరుగు

మిర్యాలగూడ బైపాస్ మీద రైస్ మిల్లు,
వేబ్రిడ్జి గదిల కీబోర్డు నిండ ఊక.
పెన్‌డ్రైవ్‌ల కాపీ జేసినప్పుడు
చుక్కతోటి మొదలయ్యే ఫోల్డరు రాలే.
కండ్లకు కనవడదు గద, ఇడిసిపెట్టిన్రు.

కోడు నడుస్తనే ఉంది. లారీలు తూగుతున్నయ్.
ఎవలు దిద్దిన్రో, ఎన్నడో
అడిగితేనే నోరు మెదపది.

సర్వర్ అడ్రసు
ఎరువుల బిల్లు ఎనక నా రాతలనే దొరికింది.
మల్ల ఇనిట్ కొట్టి, రిమోట్ కలిపి, ఫెచ్ అన్న.
ఉన్న ఫైలు ఒక్కటి ముట్టకుండ,
బస్తా కదలకుండ కాంట కింద
కాయితం దూర్చినట్టు
పాత చరిత్రను జరిపిన.

నాలుగు వందల పన్నెండు కమిట్లు దిగినయ్.
"హమాలి రేటు రూపాయి పెంచిన – జానయ్య"
"కరెంటు పోయింది, సగమే అయింది"
"ఈసారన్న సక్కగ గుణించు తల్లీ"
నవ్వొచ్చింది. జానయ్య మానేసి రెండేండ్లు.

ఇగ తేడా సూపియ్యమన్న.
ఒక్కటే వరుస ఎర్రగ, దాని కింద పచ్చగ:
క్వింటాలుకు తరుగు
కిలోన్నర పోయి
మూడు కిలోలు.
పేరు లేదు. తేదీ లేదు.
లింకు తెగిన పదకొండు దినాల్ల ఎప్పుడో.

బయట ట్రాక్టర్లు గేటు దాక.
చాయ్ తెచ్చిన పిలగాడు
"అయిందా అక్కా?" అన్నడు.
కమిట్ కొట్టలే ఇంకా.