పొర

గూడూరు స్టేషన్ దాటితే చెప్పులకి అంటుకునేది
ఇసక కాదు, అభ్రకం.
మా జేజి పెంచలమ్మ తల దువ్వుకుంటే
దువ్వెనలోంచి మెరుపు రాలేది.
అన్నంలో కూడా అదే.
"ఏం కాదులే మేయ్, తిను,
కడుపులో దీపం పెట్టినట్టుంటది."

కాళిచేడు గని నుంచి బండ్లలో వచ్చిన పలకలు
షెడ్డులో ఆడోళ్ళ ముందు పోసేవాళ్ళు.
రోజుకి మూడణాలు.
కత్తిమొన అంచుకి ఆనించి జేజి అనేది:
"యే పలకకైనా ఒక వాకిలుంటది.
తన్నకూడదు. అడగాల."

ఆ షెడ్డుకి వచ్చింది ఓర్సోలా,
మనోళ్ళ నోట ఉర్సులమ్మ.
ఊరు క్రెమోనా, ఇటలీలో.
పన్నెండో యేటి నుంచే నాయన దుకాణంలో
దంతపు బిళ్ళల మీద
చచ్చిపోయినోళ్ళ మొహాలు వేసేదంట,
మెడలో కట్టుకోను, తాళిబొట్టంత.
అభ్రకం కంపెనీ ఇంజనీరు మొగుడి వెంట వచ్చి
అతను కామెర్లకి పోతే
ఓడెక్కలా.
ఎందుకమ్మా అని అడిగితే
ఒక రేకు ఎండకెత్తి చూపించేదంట.
సోడాబుడ్డి అడుగులా పచ్చగా,
ఆ పచ్చలో మునిగిన సూర్యుడు.

ఉడుత తోక వెంట్రుకలు మూడు,
తుమ్మబంక నానేసిన నీళ్ళు,
ఊపిరి బిగబట్టి ఒక చుక్క,
వదిలి, మళ్ళా బిగబట్టి ఇంకో చుక్క.
ముక్కుపుడక ఒక్కదానికే ఒక పొద్దు.
చీమ తలకాయలో సగం లేని ఆ రాయిలో
కిటికీ ఉండాదంట,
కిటికీలో షెడ్డు వాకిలి.

జేజిని కూర్చోమంది.
ఊరికే కూర్చుంటే కూలి ఎవరిస్తారంది జేజి.
ఆ మూడణాలు ఉర్సులమ్మే ఇచ్చింది.

మొదటి బొమ్మ చెడింది. ఎడమ కన్ను పెద్దదైంది.
గౌను అంచుతో ఆమె కళ్ళు తుడుచుకుంటా ఉంటే
జేజి రేకు లాక్కుని
కత్తి దూర్చి ఒక్క పొర లేపింది,
ఉల్లిపొరకంటే పలచన.
తప్పు తప్పుగానే ఊడి చేతికొచ్చింది.
కింద రేకు
ఇప్పుడే పుట్టినట్టుండాది.
అరవై ఏళ్ళ తర్వాత ఇది చెప్తా
మాట పూర్తి చేయలేక
నవ్వింది జేజి.

అట్టా ఆరు తప్పులు.
ఒకదాంట్లో కోపం ఎక్కువ,
ఒకదాంట్లో చెవి లేదు,
ఒకదాంట్లో ఎవరో జమీందారిణి.
ఆరూ నశ్యం డబ్బాలో దాచుకుంది.

ఏడోది మొదలయ్యేటప్పటికి
ఉర్సులమ్మ కంటికే పొర కమ్మింది.
మనుషులు వాసనతో తెలుస్తా ఉన్నారు,
రంగులు గిన్నెల వరసతో.

అది పూర్తయిన మర్నాడే పోలీసులు.
యుద్ధమంట, ఇటలీ శత్రువంట.
ఎవరికి? తెల్లోళ్ళకి.
మరి ఈమె తెల్లగా లేదా?
ఆ లెక్క జేజికి పోయేదాకా తెగలా.

పెట్టె సర్దతా ఉంటే అడిగింది:
"ఎట్టుండాది పెంచలా, ఏడోది?"
"బాగుండాది."
నిజమే. బాగుండాది.
అందుకే రేకుని మఖమల్ గుడ్డలో చుట్టబోయే ముందు
జేజి అటు తిరిగి
కత్తి దూర్చింది.
రేకు ఆమెది, రంగు ఆమెది,
మూడణాలూ ఆమెవే.
మొహం ఎవరిది?

రైలు కదిలే ముందు ఉర్సులమ్మ
గుడ్డ విప్పి, బొటనవేలితో
రేకంతా ఒకసారి తడిమింది.
మళ్ళా చుట్టింది.
జేజి మణికట్టు పట్టుకుని
ఏమీ అనలేదు.

క్రెమోనాలో ఏ గోడకో
ఇప్పటికీ ఒక చట్రముందేమో,
పేరూ సంవత్సరమూ కింద రాసి.
అద్దం లోపల అద్దం.
దాని వెనక గోడ సున్నం.

ఏడో పొర నా దగ్గరుండాది.
అచ్చం జేజే. కానీ
ఆమె గుర్తొచ్చినప్పుడు నేను తీసేది
చెవి లేనిదాన్ని.

వేలికి రంగు తగలకపోతే తెలవదా?
తెలిసే ఉంటదని జేజి.
తెలవకుంటే బాగుండునని కూడా
జేజే.