గోడ దిక్కు ముఖం

పారిస్‌ల, మ్యూజియంల
అద్దం లోపల జంపఖానా.
నాకెరుకే, దానికి రెండు ముఖాలు.
ఒకటి గోడనే చూస్తున్నది.

అందరు రంగులు చూసిండ్రు.
నేను ఎడమ అంచుకాడ
తప్పిన నీలం పోగు చూసిన.
దీపాలు పెట్టినంక నేసి ఉంటడు,
ఆకలి మీద.
గిట్లాంటిది నాయినైతే తిట్టి విప్పిచ్చేటోడు.
ఈడ దానికో లైటు పెట్టిండ్రు.

కొత్తవాడకు వచ్చినంక
ఇంట్ల, నాయిన నేసినదాని మీద
కాలు పడలే.
పక్కపొంటి తిరిగి పోతుంటె
మిర్పకాయల మూట మోసుకొస్తూ భూలక్ష్మి:
"మొన్ననే తిప్పి ఏసిన. తొక్కు, ఏంగాదు."

తొక్కిన.
అప్పటిసంది
అరికాలుతోటి వెతుకుతున్న,
నాయిన విప్పకుండ ఇడిసిన తప్పు
ఒక్కటన్న ఉంటదేమోనని.